తొలి సస్పెన్స్ నవల, మధ్యలో ఒక ఆశ్రమం: రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నవలల రాతప్రతులు చదివి అభిప్రాయం చెప్పడం నా పని. ఒక స్వామీజీ, ఒక ఆశ్రమం, అందులో కనబడకుండా పోయిన ఒక అమ్మాయి. ఈ సరంజామాతో తొలి నవల పట్టుకొచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలూ ఇంచుమించు అవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇవి నా అభిరుచి ప్రకారం చెప్పిన మాటలు. చట్టం ప్రస్తావన వచ్చినచోట మాత్రం అచ్చుకి వెళ్లేముందు లాయరుతో ఒకసారి మాట్లాడండి.

దొంగ బాబాల కథలు బోలెడు వచ్చాయి. ఇంకొకటి ఎవరు చదువుతారు?

చదువుతారు. కానీ బాబా దొంగ అని చెప్పడానికే రెండొందల పేజీలు ఖర్చుపెడితే మాత్రం చదవరు. కాషాయం కట్టిన మనిషి మూడో పేజీలో కనబడి చిరునవ్వు నవ్వగానే తెలుగు పాఠకుడు ‘వీడే’ అని తేల్చేస్తాడు. 1980ల్లో వారపత్రికల చేతబడి సీరియళ్లు చదివి పెరిగినవాళ్లూ, వాళ్లు చెప్పగా విన్నవాళ్లూ మనవాళ్లు. మీరు దాచిపెట్టాననుకునే గుట్టు వాళ్లకి ఎప్పుడో తెలుసు.

నిలబడే ప్రశ్న వేరే ఉంది. గేటు తీసే ఉంది. బస్టాపు నడిచే దూరంలోనే ఉంది. జేబులో చార్జీ డబ్బులున్నాయి. అయినా ఆ మనిషి ఎందుకు వెళ్లిపోవడం లేదు? ఈ ప్రశ్నకి పాఠకుడి దగ్గర జవాబు ఉండదు, అందుకే పేజీ తిప్పుతాడు. కింద ప్రతి జవాబూ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది.

బాగా చదువుకున్న పాత్ర అలాంటి చోట ఇరుక్కుందంటే పాఠకులు నమ్ముతారా?

నమ్మేలా రాస్తే నమ్ముతారు. లోకంలో జరిగినదాని కంటే ఎక్కువ ఊహించాల్సిన పనిలేదు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో అనే మత బృందాన్ని చూడండి. దాన్ని నడిపిన షోకో అసహారా చూపు సరిగా లేని మనిషి. 1984లో ఒక యోగా క్లాసుతో మొదలుపెట్టాడు. ఆ ఉదయం న్యూస్ పేపరులో చుట్టిన సారిన్ సంచుల్ని గొడుగు మొనతో పొడిచి రైలు దిగిపోయినవాళ్లలో ఇకువో హయాషి ఒకడు. అతను గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు. ఆ విషాన్ని తయారుచేసినవాళ్లు యూనివర్సిటీలో రసాయనశాస్త్రం చదువుకున్నవాళ్లు.

అంత దూరం కూడా అక్కర్లేదు. 2021 జనవరిలో మదనపల్లెలో ఎదిగిన కూతుళ్లిద్దరినీ కన్నవాళ్లే చంపారు, తిరిగి బతికొస్తారన్న నమ్మకంతో చంపారని పోలీసులు చెప్పారు. ఆ తల్లీతండ్రీ పాఠాలు చెప్పేవాళ్లు. అక్కడ ఆశ్రమం లేదు, గేటు లేదు, ఒక ఇల్లు ఉందంతే.

కాబట్టి చదువు అడ్డం కాదు. మీరు ఆలోచించాల్సింది లోపలికి తీసుకెళ్లే మెట్ల గురించి. మీ పాత్రని దేవుడి కోసం పంపకండి. తగ్గని నడుం నొప్పి కోసం పంపండి, సంబంధం కుదరని కూతురి కోసం పంపండి, భార్య పోయాక సాయంత్రాలు గడవక పంపండి. అక్కడ ఎవరో అరగంటసేపు ఫోను వంక చూడకుండా అతని మాట వింటారు. వచ్చే ఆదివారం సత్సంగానికి రమ్మంటారు. ఆ పై వారం వడ్డన సేవ. నెల తిరిగేసరికి స్టోరు రూము తాళాలు అతని చేతిలో ఉంటాయి. ఆఫీసులో ఇరవై ఏళ్లు చేసినా ఎవరూ ఇవ్వని గౌరవం అది. ప్రతి మెట్టూ చిన్నదే, కాదంటే మర్యాదగా ఉండదనిపించేంత చిన్నది.

మెదడు కడిగేయడం నిజంగా ఉంటుందా? దాన్ని సీన్లలో ఎలా చూపించాలి?

కుర్చీకి కట్టేసి కళ్లలోకి లైటు కొట్టే సీను రాయకండి, బతిమాలుకుంటున్నాను. రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు చైనా జైళ్ల నుంచి బయటపడినవాళ్లతో 1950ల్లో మాట్లాడి, మనిషి ఆలోచనని గుప్పిట్లో పెట్టుకునే చోట్లకి ఎనిమిది లక్షణాలుంటాయని 1961లో రాశాడు. నవలాకారుడికి అందులో మూడు బాగా పనికొస్తాయి. బయటి కబురు లోపలికి రాకుండా చూడడం. లోపలివాళ్లకి మాత్రమే అర్థమయ్యే భాష తయారుచేయడం. తప్పులు ఒప్పుకోవడాన్ని అలవాటు చేయించడం.

మూడోది బంగారు గని. శనివారం సాయంత్రం అందరూ వలయంగా కూర్చుని ఆ వారం మనసులో వచ్చిన చెడ్డ ఆలోచన చెప్పాలి. మీ నాయిక మొదటిసారి ‘టీ ఎక్కువ తాగుతున్నాను’ అంటుంది. అందరూ నవ్వుతారు, ఆప్యాయంగానే. నాలుగో వారానికి ఆమె దగ్గర చిన్న తప్పులు అయిపోతాయి. ఆరో వారం తన చెల్లెలి సంసారం గురించి చెప్పేస్తుంది. మూల కూర్చున్న ఒకామె నోటు పుస్తకంలో రాసుకుంటోంది. ఆ నోటు పుస్తకాన్ని ఒక్క వాక్యంలో చూపించి వదిలేయండి. వంద పేజీల తర్వాత అది మళ్లీ తెరుచుకున్నప్పుడు, ఆమె గేటు దాకా వెళ్లి ఎందుకు వెనక్కి తిరిగిందో మీరు వివరించక్కర్లేదు.

లోపలివాళ్ల మాటతీరు ఎలా ఉండాలి?

సంస్కృతం దట్టించకండి. నిజమైన ఆశ్రమాల్లో మనుషులు మామూలుగానే మాట్లాడతారు, మధ్యమధ్యలో కొన్ని మాటలు మాత్రం మారిపోయి ఉంటాయి. అన్నం ప్రసాదమవుతుంది, పని సేవ అవుతుంది, అనుమానం అహంకారమవుతుంది. వరసలు కూడా మారతాయి. నేనైతే ఇలా రాస్తాను. తల్లి ఊరి నుంచి ఫోన్ చేసింది:

“నాన్న సంవత్సరీకం దశమినాడొచ్చింది. ముందురోజే వచ్చెయ్యవే.”

“అక్కయ్యనడిగి చెప్తానమ్మా.”

“ఏ అక్కయ్యే? నీకు అక్కెక్కడుంది?”

“ఇక్కడ… పెద్దక్కయ్య ఉన్నారులే. ఆ వారం సేవ ఉంది. నాన్నగారి పేరు మీద ఇక్కడే అన్నదానం చేయిస్తామన్నారు.”

“నాన్నగారేంటే కొత్తగా?”

ఇందులో ఎవరూ ఎవరినీ బెదిరించలేదు. తల్లికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు, పాఠకుడికీ పట్టదు. ప్రాంతాన్ని బట్టి యాస మార్చుకోండి. కరీంనగర్ తల్లి, కాకినాడ తల్లి ఒకేలా అడగరు.

గురువుని పూర్తి దుర్మార్గుడిగా చూపించనా?

చూపిస్తే పని సులువు, నవల పలచన. నన్నడిగితే గురువుని తక్కువగా చూపించి, ఆయన పక్కనున్న రెండో మనిషిని ఎక్కువగా చూపించండి. అపాయింట్‌మెంట్లు, డబ్బు, ఎవరు ఏ గదిలో ఉండాలి, ఎవరికి దర్శనం దొరకదు, ఇవన్నీ ఆ రెండో మనిషి చేతిలో ఉంటాయి.

రజనీష్ అనుచరులు 1981లో అమెరికాలోని ఓరెగాన్‌లో 64 వేల ఎకరాల పశువుల క్షేత్రం కొని ఊరు కట్టారు. ఆ రోజుల్లో గురువు బహిరంగంగా మాట్లాడడం మానేశాడు, వ్యవహారమంతా ఆయన కార్యదర్శి మా ఆనంద్ షీలాది. కౌంటీ (జిల్లా) ఎన్నికల్లో స్థానికులు ఓటుకి రాకుండా చేయాలని 1984 శరత్కాలంలో పక్క పట్టణం హోటళ్ల సలాడ్లలో సాల్మొనెల్లా సూక్ష్మజీవుల్ని కలిపారు. 751 మంది జబ్బుపడ్డారు. హోటల్ పనివాళ్లు చేతులు కడుక్కోకపోవడం వల్లే వచ్చిందని ఆరోగ్యశాఖ మొదట అనుకుంది. అసలు సంగతి ఏడాది తర్వాత, 1985 సెప్టెంబరులో, షీలా దేశం విడిచి వెళ్లాక బయటపడింది. విలేకరుల్ని పిలిచి ఆమె మీద నేరం మోపింది స్వయంగా గురువే.

సస్పెన్స్ రాసేవాళ్లు ఈ వరసని జాగ్రత్తగా చూడండి. డిటెక్టివ్ కనిపెట్టలేదు, లోపలి కూటమి చీలింది. గురువుకి ఎంత తెలుసు, ఎంత తెలియదు అన్నది ఈరోజుకీ జనం వాదించుకుంటూనే ఉన్నారు. మీ నవల్లో కూడా ఆ ఒక్క సంగతి తేల్చకుండా వదిలేయొచ్చు. గురువు తనని తాను నమ్ముతున్నాడో లేదో పాఠకుడికి చివరిదాకా తెలియకపోతే మంచిదే.

మహిమల సీను ఎలా రాయాలి? ట్రిక్కు విప్పి చెప్పాలా?

ముందు ట్రిక్కు మీకు తెలిసుండాలి. గాలిలోంచి విభూతి తీయడానికి పొడిని గంజితో ముద్దచేసి బిళ్లలుగా ఎండబెట్టి, ఒక బిళ్లని బొటనవేలి మొదట్లో ఇరికించుకుంటారు. చెయ్యి గుండ్రంగా తిప్పుతూ నలిపితే రాలుతుంది. నిప్పు లేకుండా హోమం వెలగాలంటే గుండంలో పొటాషియం పర్మాంగనేట్ పొడి, నెయ్యి పేరుతో పోసే గ్లిజరిన్ చాలు. కోసిన నిమ్మకాయ ఎర్రగా కారాలంటే కత్తికి ముందే మందారపూల రసం పట్టించి ఆరనిస్తారు. పులుపు తగలగానే రంగు తిరుగుతుంది. విజయవాడ నాస్తిక కేంద్రంవాళ్లు, జన విజ్ఞాన వేదికవాళ్లు ఇలాంటివి ఊళ్లలో, బడుల్లో ఏళ్ల తరబడి చేసి చూపిస్తూ వచ్చారు. అలాంటి ప్రదర్శన ఒకటి దగ్గర్నుంచి చూసి రండి.

ఇక విప్పి చెప్పడం సంగతి. హీరో స్టేజీ ఎక్కి గుట్టు బయటపెడితే భక్తులంతా కళ్లు తెరిచారని రాయకండి, అలా జరగదు. ఇలా చేసి చూడండి. కొత్తగా చేరిన కుర్రాడికి వంటింటి వెనక ఎండబెట్టిన బిళ్లలు కనబడతాయి. పక్కనే ఉన్న పెద్దాయన కంగారుపడడు. “స్వామివారికి ఈ మధ్య ఒంట్లో బాగుండట్లేదు నాయనా, శక్తి ఖర్చు కాకుండా మేమే చేసి పెడుతున్నాం” అంటాడు. కుర్రాడు కాసేపు ఆలోచిస్తాడు. తర్వాత కూర్చుని తనూ బిళ్లలు చేయడం మొదలుపెడతాడు. నా దృష్టిలో అసలు భయం పుట్టేది అక్కడ.

జోస్యం తప్పిపోతే ఆశ్రమం కూలిపోతుంది కదా? నా క్లైమాక్స్ అదే.

క్లైమాక్స్‌గా పెట్టకండి, నడుమ పెట్టండి. 1954 డిసెంబరు 21న జలప్రళయం వస్తుందనీ, ముందురోజు అర్ధరాత్రి గ్రహాంతరవాసులు వచ్చి తమని తీసుకెళ్తారనీ షికాగో దగ్గర డొరొతీ మార్టిన్ అనే ఆవిడ బృందం ఎదురుచూసింది. లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మనుషుల్ని భక్తుల్లా అందులో చేర్పించి గమనించాడు. అర్ధరాత్రి దాటింది, ఎవరూ రాలేదు. తెల్లవారుజామున ఆవిడకి కొత్త సందేశం అందింది: ఈ చిన్న బృందం వెలిగించిన వెలుగు చూసి దేవుడు ప్రళయం ఆపేశాడట. అంతవరకూ పత్రికలకి దూరంగా ఉన్నవాళ్లు అప్పుడు తామే ఫోన్లు చేశారు. ఆ అధ్యయనం మీద విమర్శలున్నాయి. పరిశోధకులే లోపల అంతమంది చేరి వ్యవహారాన్ని నడిపించారన్నది వాటిలో ఒకటి. అది కూడా నవలకి పనికొచ్చే ఆలోచనే: గూఢచారిగా వెళ్లినవాడు ప్రోత్సహించడం వల్లే భక్తి ముదిరితే?

ఆ జోస్యాన్ని నమ్మి ఉద్యోగం వదిలేసి, ఇల్లు అమ్మేసి వచ్చినవాడు అది తప్పిన మర్నాడు ఏం చేస్తాడు? ‘మోసపోయాను’ అంటే పోయింది ఇల్లొక్కటే కాదు, బంధువుల ముందు ఇన్నాళ్లూ వాదించిన మాటలన్నీ పోయినట్టే. కాబట్టి వెళ్లడు. ఇంకొకర్ని చేర్పించడానికి వెళ్తాడు.

డబ్బు వ్యవహారం ఎంత వివరంగా రాయాలి?

మీరనుకున్నదానికి రెట్టింపు. మన నవలల్లో ఆశ్రమం కింద నేలమాళిగ ఉంటుంది, అందులో బంగారం ఉంటుంది. నిజజీవితంలో ఉండేవి ట్రస్టు డీడు, దాతల పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు పుస్తకం, భూమి కాగితాలు. నగదుగా ఇచ్చిన విరాళం 2000 రూపాయలు దాటితే దాతకి పన్ను మినహాయింపు రాదు. మరి మీ అకౌంటెంటు పాత్ర ఐదు లక్షల నగదుని రసీదుల్లో ఎలా ముక్కలు చేస్తుంది? ఆ ప్రశ్న చుట్టూ ఒక అధ్యాయం నడుస్తుంది.

భూమి ఇంకా రుచిగా ఉంటుంది. కొండ కింద ఆశ్రమం అనగానే చుట్టూ అసైన్డ్ భూములుంటాయి. ప్రభుత్వం పేదలకిచ్చిన అలాంటి భూమిని అమ్మడానికీ, రాసివ్వడానికీ వీల్లేదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లోనే చట్టం వచ్చింది. తర్వాత ఆంధ్రలో సడలింపులొచ్చాయి, మీ కథ ఏ ఏడాది జరుగుతుందో చూసుకోండి. ఆశ్రమం వేసిన సిమెంటు రోడ్డు ఎవరి డి-పట్టా (అసైన్డ్) భూమి మీంచి వెళ్తోందో మీ కథలోని వీఆర్వోకి తెలుసు. అతనికి ప్రతి గురుపూర్ణిమకీ పట్టుపంచె అందుతుంది.

ఇక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సీను. ముసలాయన తన రెండెకరాల మాగాణి గిఫ్ట్ డీడు చేస్తున్నాడు. బల్ల దగ్గర జనం ఒత్తుకుంటున్నారు, జిరాక్సు మిషను చప్పుడు, కంప్యూటరు కెమెరా వైపు చూడమంటున్న ఆపరేటరు. సాక్షులిద్దరూ ఆశ్రమం మనుషులే. వేలిముద్ర సరిగా పడలేదు, పొలం పనుల్లో గీతలరిగిపోయాయి. సేవకుడొకడు ప్రేమగా ఆయన బొటనవేలు తడిగుడ్డతో తుడిచి, మళ్లీ అద్దం మీద పెట్టి తన వేలితో మెల్లిగా నొక్కాడు. “ఇంకాస్త తాతగారూ” అన్నాడు. కత్తీ రక్తం లేకుండా ఇంతకంటే ఒళ్లు గగుర్పొడిచే సీను నాకు తోచదు.

కొడుకు కోర్టుకెళ్తే? పాతకాలం తీర్పొకటి ఉంది. పరలోకంలో మేలు జరుగుతుందని ఒక వృద్ధుడు ఆస్తి మొత్తం గురువుకి రాసిచ్చి, తర్వాత రద్దు కోరితే 1890లో అలహాబాద్ హైకోర్టు ఆయన పక్షం వహించింది. గురుశిష్య సంబంధంలో ఒకరి ప్రభావం ఇంకొకరి మీద ఎక్కువ కాబట్టి, శిష్యుడు స్వేచ్ఛగానే రాసిచ్చాడని రుజువు చేసుకోవాల్సింది గురువేనంది. కానీ రద్దు కావాలని ముసలాయనే అడగాలి. మీ నవల్లో ఆయన అడుగుతాడా?

కూతురు ఆశ్రమంలో ఉండిపోయిందని తండ్రి ఫిర్యాదు చేస్తే పోలీసులు ఏం చేస్తారు?

ఆమె మైనరైతే దారి వేరు. మేజరైతే మిస్సింగ్ కేసు రాసి, వెళ్లి కలిసి, ఆమె వాంగ్మూలం తీసుకుంటారు. ‘నా ఇష్టంతోనే ఉన్నాను’ అంటే కేసు మూసేస్తారు. తండ్రి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకి తెప్పించమనే పిటిషన్, వేయొచ్చు, జడ్జి ఆమెని పిలిపించి అడుగుతారు. ఆమె అక్కడా అదే మాట చెబితే బలవంతంగా ఇంటికి పంపే అధికారం ఎవరికీ లేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తమిళనాడులోని ఒక ఆశ్రమం విషయంలో ఒక తండ్రి పిటిషన్‌ని ఇదే కారణంతో ముగించింది. కూతుళ్లిద్దరూ పెద్దవాళ్లు, తమ ఇష్టంతో ఉన్నామని చెప్పారు.

ఇక్కడ చాలామంది కొత్త రచయితలు జడ్జిని అమ్ముడుపోయినవాడిగా రాసేస్తారు. వద్దు. జడ్జి నిజాయితీపరుడు, ఎస్సై మంచివాడు, చట్టం సరిగ్గానే పనిచేసింది, అయినా తండ్రి ఒంటరిగా బస్సెక్కాడు. ఆమె తన ఇష్టంతోనే ఉందేమో అన్న అవకాశాన్ని కూడా వదిలిపెట్టకండి. నిజంగానే సంతోషంగా ఉండేవాళ్లుంటారు.

చిన్న మెలిక కావాలంటే: క్యాన్సరు తగ్గిస్తామని కరపత్రం వేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. మూఢనమ్మకాల పేరుతో జరిగే దారుణాల మీద మహారాష్ట్ర 2013లో ప్రత్యేక చట్టం తెచ్చింది, ఆ ఆగస్టులో పుణెలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని కాల్చి చంపాక. కర్ణాటక చట్టం 2017 నాటిది. కథ ఏ రాష్ట్రంలో జరుగుతుందో దాన్ని బట్టి మీ ఇన్‌స్పెక్టరు చేతికి దొరికే సెక్షన్లు మారతాయి.

హింస ఎంతవరకు చూపించాలి?

1978 నవంబరు 18న గయానా అడవిలో జిమ్ జోన్స్ అనే అమెరికన్ మతబోధకుడి అనుచరులు 900 మందికి పైగా విషంతో చనిపోయారు, అందులో 300 మందికి పైగా పిల్లలు. ఆ అంకె అందరూ చెబుతారు. రచయిత పట్టించుకోవాల్సింది అంతకుముందు జరిగినదాన్ని. జోన్స్ అర్ధరాత్రి మైకులో అందర్నీ లేపి, శత్రువులు వచ్చేస్తున్నారని చెప్పి, గ్లాసుల్లో పానీయం పోయించి తాగించేవాడు. తాగాక అందులో విషం లేదనీ, అది పరీక్షేననీ చెప్పేవాడు. పాఠకుడికి రిహార్సల్ చూపించండి. రెండోసారి గ్లాసు నిండినప్పుడు వాడే ఊపిరి బిగబడతాడు. శవాల వర్ణన అవసరం రాదు.

గుంపు సీన్లు రాసేవాళ్లు 2024 జులై 2న హాథ్రస్‌లో జరిగిన తొక్కిసలాట వార్తలు చదవండి. 121 మంది పోయారు. బోధకుడి కారు వెళ్లిన దారిలో మట్టి తీసుకోవడానికి జనం ఎగబడ్డారని చెప్పారు. ఎవరూ ఎవరినీ చంపాలనుకోలేదు.

నిజంగా జరిగిన కేసుని వాడుకోవచ్చా? కేసులు పెడతారేమో.

ఎన్ని కేసులైనా కలిపి మీ సొంత ఆశ్రమం కట్టుకోండి. ఒకే ఆశ్రమాన్ని తీసుకుని పేరు మార్చడం మాత్రం ప్రమాదం. ‘ఇందులో పాత్రలు కల్పితం’ అని మొదటి పేజీలో వేసినంత మాత్రాన రక్షణ రాదు, ఎవరి గురించో చదివినవాళ్లు గుర్తుపడితే చాలు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో పరువునష్టం 356వ సెక్షను, మత విశ్వాసాల్ని ఉద్దేశపూర్వకంగా అవమానించడం 299వ సెక్షను.

భయపడి మానేయమని కాదు. 1861-62లో బొంబాయిలో జదునాథ్‌జీ మహారాజ్ అనే వైష్ణవ మతగురువు తన మీద రాసిన పత్రికా సంపాదకుడు కర్సన్‌దాస్ ముల్జీ మీద 50 వేల రూపాయలకి పరువునష్టం దావా వేశాడు. వైద్యుడు భావూ దాజీ కూడా వచ్చి సాక్ష్యం చెప్పాడు. ముల్జీ గెలిచాడు. అయితే ఆయన రాసింది వార్త, చేతిలో సాక్షులున్నారు. నవలాకారుడికి సాక్షులుండరు.

భక్తి ఉన్న పాఠకులు నొచ్చుకోరా?

దేవుణ్ణి వెక్కిరిస్తే నొచ్చుకుంటారు. మీ నవల్లో తెల్లవారకముందే లేచి ముగ్గేసి దీపం పెట్టుకునే అమ్మమ్మ ఒకరుండనివ్వండి. ఆశ్రమాన్ని మొట్టమొదట అనుమానించేది ఆవిడే కావచ్చు. నాస్తికుడైన మేనమామకి కనబడనిది ఆవిడకి కనబడుతుంది.

ఎవరి కంఠంతో చెప్పాలి?

వెతుక్కుంటూ వెళ్లే విలేకరి కంఠం వద్దు, ఇప్పటికే అరిగిపోయింది. లోపలున్న మనిషి ‘నేను’గా చెబితే బాగుంటుంది, అందులోనూ ఇంకా నమ్ముతున్నప్పుడు చెబితే. ఆమె పొగుడుతూ చెప్పే సంగతిలోంచి పాఠకుడు భయపడాలి. ‘నిన్న నన్ను మాత్రమే గదిలోకి పిలిచి మాట్లాడారు, ఎంత అదృష్టమో’ అని రాయగానే చదివేవాడి గుండె జారాలి. కష్టమైన పనే. కుదరకపోతే తల్లి కంఠం తీసుకోండి.

బయటికొచ్చినవాళ్లని కలిసి మాట్లాడాలా?

మాట్లాడనిస్తే మాట్లాడండి. ‘అక్కడ ఏం ఘోరాలు జరిగాయి’ అని మొదలుపెట్టకండి. ఉదయం ఎన్నింటికి లేచేవాళ్లు, చెప్పులు ఎక్కడ విడిచేవాళ్లు, జ్వరమొస్తే ఎవరికి చెప్పేవాళ్లు, ఇలాంటివి అడగండి. చాలామంది అక్కడి స్నేహాల్ని, భజనల్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ బెంగని నవల్లోకి తీసుకురండి. వాళ్ల కథని మాత్రం వాళ్ల అనుమతి లేకుండా తీసుకోకండి.

చివర గురువు జైలుకి వెళ్లాలా?

వెళ్లొచ్చు, కానీ అంత తొందరగా పంపకండి. హర్యానాలోని డేరా సచ్చా సౌదా అధిపతి మీద ఒక సాధ్వి రాసిన పేరులేని ఉత్తరం 2002లో ప్రధానికి చేరింది. దాన్ని సిర్సాలో అచ్చువేసిన పత్రికా సంపాదకుడు రామచంద్ర ఛత్రపతిని అదే ఏడాది అక్టోబరులో కాల్చారు, నెల తర్వాత ఆయన చనిపోయాడు. అత్యాచారం కేసులో నేరం రుజువైంది 2017 ఆగస్టు 25న. మధ్యలో పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లూ ఉత్తరం రాసినామె ఎక్కడో వంట చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుతూ ఉండి ఉంటుందని ఊహించుకోండి. తీర్పు రోజు కంటే ఆ పదిహేనేళ్లలో ఏదో ఒక మామూలు మంగళవారం మీద నవల ముగిస్తే నాకు ఎక్కువ ఇష్టం.

ఎన్ని పేజీలుండాలి? సీరియల్‌గా వేయాలా?

తొలి సస్పెన్స్ నవలకి రెండొందల పేజీలు చాలు. సీరియల్‌గా రాస్తే ప్రతి వారం చివర ఒక కేక పెట్టాలనిపిస్తుంది, ఆశ్రమం కథకి అది చేటు. ముందు మొత్తం రాసేసి తర్వాత ముక్కలు చేసుకోండి.

ఐఎస్‌బీఎన్, కాపీరైటు?

సొంతంగా అచ్చువేసుకునేవాళ్లకి కూడా మన దేశంలో ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఉచితం, కేంద్ర ప్రభుత్వ రాజా రామ్మోహన్ రాయ్ సంస్థ ఇస్తుంది. దానికి డబ్బడిగే ఏజెంట్ల జోలికి పోకండి. కాపీరైటు రాయగానే మీదవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

రాతప్రతిని మొదట ఎవరికి చదివించాలి?

ఒక గురువుగారి మీద నిజమైన నమ్మకమున్న మనిషికి ఒక కాపీ ఇవ్వండి. ఏ స్వామినీ నమ్మనివాళ్లకి ఇంకొకటి. బాగుందా అని అడగకండి, బాగుందనే అంటారు. ‘నువ్వే ఆ పాత్రవైతే ఏ పేజీ దగ్గర లేచి వెళ్లిపోయేవాడివి?’ అని అడిగి, ఆ పేజీ అంచు మడవమనండి. ఇద్దరూ ఇరవయ్యో పేజీలోపే మడిచారంటే మెట్లు మరీ నిటారుగా కట్టారన్నమాట, మొదటి మూడు అధ్యాయాలు విప్పి మళ్లీ కట్టాలి. నమ్మకం లేనివాళ్లు నూట ఇరవై దాటాక గానీ మడవలేదంటే, అప్పుడు నాకు పంపండి.